పాత బజారు మూసిన నూట ఇరవై రోజులు

మూత 1వ రోజు

దక్షిణ చెవి 61. నడిమి చెవి 74. ఉత్తర చెవి 58.

బజారు మూయాలని తేల్చిన రెండూళ్ళ సభలో, పెద్దలు ఈ పుస్తకంలో ఇలా అంకెలు మాత్రమే రాయమన్నారు. మళ్ళీ మూత ఎత్తే రోజున దీన్ని మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా రెండూళ్ళ ముందూ గట్టిగా చదవాలని షరతు పెట్టింది కూడా వాళ్ళే. నూట ఇరవై రోజుల అంకెలు వరసగా వింటే మనుషులు నిద్రపోతారు. అందుకని అంకెల పక్కన నాలుగు మాటలు కూడా రాస్తాను. వద్దన్నవాళ్ళు ఆ రోజు చెవులు మూసుకోవచ్చు.

నా పేరు మైథిలి. తెప్పలపాలెం, మూడో తెప్ప. కొండమీద కాలేజీలో సముద్రం గురించి చదువుకుని, రెండు నెలలుండి పోదామని నిరుడు ఇంటికి తిరిగి వచ్చాను. కాళ్ళు కదలకుండా ఒకచోట కూర్చోవడం నాకు చేతకాదు. అలాంటిదాన్ని రోజూ పొద్దున్నే కూర్చుని వినే పనిలో పెట్టారు.

చెవి అంటే నీళ్ళడుగున స్తంభానికి కట్టిన మైకు. తీగ మా తెప్పదాకా వచ్చి, చప్పుళ్ళు పట్టి ఉంచే యంత్రంలో కలుస్తుంది. రాళ్ళ సందుల్లో ఉండే చిటికె రొయ్యలు గోళ్ళు కొట్టుకుంటే చిటుక్కుమంటుంది. నేల బతికి ఉంటే వేడి మూకుట్లో పేలాలు వేగినట్టు వినబడుతుంది. నిమిషానికి ఎన్ని చిటుకులో, అదే పై అంకె. పాత బజారులో ప్రస్తుతం మూకుడు చల్లారిపోయి ఉంది.

పాత బజారు మా ఊరికి తూర్పున, నీళ్ళ అడుగునున్న వీధి. మా తాతమ్మ అక్కడ పెళ్ళిచీరలు కొందట. ఆ చీరల కొట్లో ఇప్పుడు రాతిపీతలుంటాయి, మందుల షాపు అరల్లో ఆక్టోపస్‌లు. మగవాళ్ళు ఇంజను పడవలేసుకుని గంట దూరంలో నీళ్ళడుగునున్న రాతి గట్టుకి చేపలకోసం పోతారు. బజారు మాత్రం ఆడవాళ్ళది. తెడ్డు పడవలు, నీళ్ళడుక్కి దించి పీతల్ని పట్టే బుట్టలు. మా ఊళ్ళో పదిహేడు మంది. ఉత్తరాన, నీళ్ళలో మిగిలిన మేడల పై అంతస్తుల్లో కాపురముండే మేడపేటలో ఇరవై మంది.

నిరుడు బుట్టకో పీత, అదీ అగ్గిపెట్టంత. నాలుగు నెలలు బజారులో వేట మూసేద్దామన్నది నేనే. మూతలో బుట్ట వేసిన ఊరు ఏడాదిపాటు బజారులో అడుగుపెట్టకూడదన్న షరతూ నాదే. గట్టిగా లేకపోతే ఎవరూ లెక్కచెయ్యరని.

ఆకాశంలోంచి చోటు చెప్పే సంకేతాలు మా అమ్మ పెళ్ళినాటికే ఆగిపోయాయి కాబట్టి మా హద్దులన్నీ కంటితోనే. మా ఊరి నీళ్ళ ట్యాంకు, దాని వెనక దూరంగా కొండమీద ఇనప టవరు. పడవలోంచి చూసినప్పుడు ట్యాంకు వెనక టవరు దాక్కుంటే గీత మీద ఉన్నట్టు. గీతకి దక్షిణాన వట్టి ఇసక నేల. దాన్ని మా ఆడవాళ్ళకి వదిలాం. ఉత్తరాన ఒక్క బార కూడా పోకూడదు. మేడపేటవాళ్ళ వైపు గీత వాళ్ళ మేడల్నిబట్టి.

సభ అయ్యాక మా మేనత్త దేవుడమ్మ నా పక్కకొచ్చి నిలబడింది. ఆ పదిహేడు మందికీ పెద్ద ఆవిడే.

"సేతులెత్తినోళ్ళందరూ ఇంజనోళ్ళే. మూసింది మా బజారు. నీ సదువు బలే సోటు సూసుకుని పడ్డాదే, గుంటా."

 


మూత 9వ రోజు

63, 78, 60.

పొద్దున్న వినడం. ఆ తర్వాత తీగలకి పట్టిన గుల్లలు గీకడం. ఆ తర్వాత మంచినీళ్ళ వంతు, నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెట్టడం, కాకుల్ని తోలడం. డిగ్రీలో కాకుల గురించి ఏమీ చెప్పలేదు.

అత్త ఇసక నేలలో పన్నెండు బుట్టలు వేస్తే నాలుగు పీతలు వచ్చాయి. వాటిని ఇంటికి తీసుకుపోకుండా నా బల్ల మీద పెట్టి వెళ్ళింది.  అవి నా పుస్తకం మీదుగా నడిచి వెళ్ళాయి. ఈ పేజీ మీది మరకలు వాటివే.


మూత 34వ రోజు

92, 118, 97.

రాత్రి చూసిన కలలో ఎవరో మూకుడు కింద మంట పెంచారు. పొద్దున్న చెవి పెడితే నిజంగానే పెరిగింది. నడిమి చెవిలో కొత్తగా గురగురమని చేపల మాటలు. పరుగెత్తుకెళ్ళి అత్తని పిలిచాను. బియ్యం ఏరుతోంది, రానంది. చప్పుడు వండుకుని తినగలమా అని అడిగింది. బియ్యంలో రాళ్ళకన్నా బియ్యమే తక్కువగా ఉన్నాయని చూశాక నేనూ కూర్చుని రాళ్ళు ఏరాను.


మూత 58వ రోజు

127, 160, 131.

పదిహేడు మందిలో ఇద్దరు కొండమీద ఇళ్ళలో పనికి పోయారు. మిగతావాళ్ళు వలలు అల్లుతున్నారు. నాన్న గట్టునుంచి మూడు వంజరాలు తెచ్చి, ఒకటి అత్త ఇంటికి పంపాడు. అత్త దాన్ని తిప్పి పంపింది. నాన్న మళ్ళీ పంపాడు. ఆ చేప మూడు తెప్పలూ తిరిగి ఆఖరికి మా పొయ్యి మీదకే వచ్చింది. అన్నాచెల్లెళ్ళు ఇద్దరికీ ఒకటే మొండితనం.


మూత 71వ రోజు

148, 189, 155. వినడం ఇవాల్టికి ఆపేస్తున్నాను.

తుఫాను వస్తోంది. లంగరు గొలుసులు విప్పుతున్నారు. మధ్యాహ్నానికల్లా ఇంజను పడవలన్నీ కలిసి ఊరిని కొండ చాటు ఏట్లోకి లాక్కుపోతాయి. చెవులు నీళ్ళలోనే ఉంటాయి, తీగల్ని మాత్రం ఇక్కడ తెంపి నీళ్ళ మీద తేలే బోయలకి కట్టేస్తున్నాను. నలభై ఇళ్ళు, ఒక బడి, ఒక గుడి, ఒక ట్యాంకు ఒకదాని వెనక ఒకటి నీళ్ళ మీద నడిచిపోవడం చూస్తే నాకు ప్రతిసారీ నవ్వొస్తుంది. ప్రయాణాలంటే ఇష్టమున్నదానికి ఇంతకన్నా తగిన ఊరు లేదు.


మూత 76వ రోజు

అంకెలు లేవు.

వచ్చేశాం. రెండు తెప్పల పైకప్పులు పోయాయి, మనుషులు అందరూ క్షేమం. పాత లంగరు ఒకటి ఇసకలో కూరుకుపోయి దొరకలేదు. కొత్తది వేసి ఊరిని కట్టేశారు. ఆడవాళ్ళు రేపు ఇసక నేలలో బుట్టలు వేస్తారట.


మూత 82వ రోజు

139, 184, 157.

తీగలు ఇవాళ కలిపాను. దక్షిణ చెవి తీగ చాలలేదు. నలభై బారల అతుకు వెయ్యాల్సి వచ్చింది. ఉత్తర చెవి తీగ మాత్రం ఇంచుమించు అంతే మిగిలి చుట్ట చుట్టి పెట్టాను. తుఫాను లాగేసి ఉంటుంది.


మూత 84వ రోజు

131, 186, 160.

దక్షిణ చెవిలో నిన్న సాయంత్రం ఒక చప్పుడు. ఇనుము సిమెంటుకి తగిలినట్టు టంగుమని, వెంటనే సన్నగా ఇంకోసారి. అలా పన్నెండుసార్లు. అటు తర్వాత వేరే రకంవి, మొద్దుగా. ఇవాళ తెల్లవారుతూనే ఈడ్పు చప్పుళ్ళు.

బుట్టలు. మూసిన నేలలో ఎవరో బుట్టలు వేస్తున్నారు.

మా ఆడవాళ్ళు వెయ్యరు. రోజూ ట్యాంకు వెనక టవరు దాచుకుని, గీతకి ఇవతలే వేస్తున్నారని నా కళ్ళతో చూశాను. కాబట్టి మేడపేటవాళ్ళే. పొద్దుగూకుతుంటే మా వైపు దాకా దొంగతనంగా వచ్చి వేసుకుని పోతున్నారు.


మూత 91వ రోజు

119, 194, 168.

మేడపేటకి కబురు పంపాం. అక్కడి ఇరవై మందికీ పెద్ద కొర్లమ్మ అనే ముసలావిడ. అత్తా ఆవిడా సంతలో పక్కపక్కనే కూర్చుని ముప్పయ్యేళ్ళుగా పీతలమ్ముతున్నారు. మేం వెయ్యలేదని ఆవిడ తిరుగు కబురు పంపింది. నేను నమ్మలేదు. అత్తకి చెప్పాను, తను కూడా నమ్మలేదు.

ఇవాళ సంతలో అందరి ముందూ అత్త ఆవిణ్ణి దొంగ అంది. కొర్లమ్మ చేస్తున్న పని ఆపకుండా, పీతల కాళ్ళు కడుతూనే జవాబిచ్చిందట.

"మీ ఊరికే ఒకసోట నిలకడ నేదు. మీ మాటకేటుంటాది."

ఆ మాట సాయంత్రానికల్లా మా ఊరంతా పాకింది. కుర్రాళ్ళు మేడపేట మీదికి ఇంజన్లేసుకుని పోతామన్నారు. నాన్న తాళాలు తీసి దాచాడు.


మూత 103వ రోజు

104, 203, 181.

నడిమీ ఉత్తరమూ పెరుగుతుంటే దక్షిణం పడిపోతోంది. మేడపేటవాళ్ళు ఇంత నీచంగా ఉంటారనుకోలేదు. మా ఆడవాళ్ళు కడుపు మాడ్చుకుని ఆగుతుంటే తోడేసుకుంటున్నారు.

ఒక్క ఊరట ఏమిటంటే, తుఫాను తర్వాత ఇసక నేలలో కూడా పీతలు బాగానే పడుతున్నాయి. అత్త ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలుగుతోంది. కొండమీద పనికి పోయిన ఇద్దరూ తిరిగి వచ్చేశారు.


మూత 108వ రోజు

98, 205, 186.

రాయాలా వద్దా అని పెన్ను మూడుసార్లు మూశాను.

సభలో సాక్ష్యం పనికొస్తుందని సాయంత్రం అత్తని పిలిచాను. అప్పుడే బుట్టలు వేసి వచ్చింది. అంతకుముందు పట్టిన దొంగ బుట్టల చప్పుడు యంత్రంలో ఉంది. దొంగల చప్పుడు నువ్వే విను అని హెడ్‌ఫోన్లు తన చెవులకి తగిలించాను. అత్త మొదటిసారి విన్నప్పుడు కళ్ళు మూసుకుంది. మళ్ళీ పెట్టమంది. మూడోసారి విన్నాక తీసి నా ఒళ్ళో పెట్టింది.

"అది నాదే."

నాకు అర్థం కాలేదు. అత్త నెమ్మదిగా చెప్పింది. అందరూ బుట్టలకి బరువుగా ఇటికలు కడతారు. తను చిన్నప్పుడు బజారులో మునిగిన జిమ్ములోకి ఊపిరి బిగబట్టి దిగి బరువులెత్తే ఇనప పళ్ళేలు పైకి తెచ్చుకుంది. బుట్టకి రెండు. బుట్ట నేల తాకినప్పుడు ఒకటి సిమెంటుకి తగులుతుంది, రెండోది మొదటిదానికి తగులుతుంది. అలాంటి బుట్టలు రెండూళ్ళలోనూ ఇంకెవరికీ లేవు.

"గీత దాటావా అత్తా?" అని అడిగాను. ట్యాంకు వెనక టవరు, తన బిడ్డలమీద ఒట్టు అంది. నాకు తెలుసు, రోజూ చూస్తూనే ఉన్నాను.

అప్పుడు లేచి ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. 82వ రోజు. దక్షిణ తీగ చాలలేదు. ఉత్తర తీగ మిగిలింది.

తుఫాను తీగని లాగలేదు. ఊరే జరిగింది. కొత్త లంగరు వేసినప్పుడు ఊరిని నలభై యాభై బారలు ఉత్తరాన కట్టారు. ఊరితోపాటు ట్యాంకు జరిగింది, ట్యాంకుతోపాటు గీత జరిగింది. తేలే ఊళ్ళో పుట్టి, ఊళ్ళోని ట్యాంకుని హద్దురాయి చేసుకున్న మనుషులం మేం. నేల కదలదని కొండమీదివాళ్ళు అనుకున్నట్టే, మా ఊరు కదలదని మేం అనుకున్నాం. కాలేజీలో చదివినదాన్ని, అతుకు నా చేత్తో వేసినదాన్ని, నేనూ అనుకున్నాను.

అత్త ఆ సాయంత్రమే పదిహేడు మందినీ పడవలెక్కించి బుట్టలన్నీ పైకి తీయించింది.


మూత 109వ రోజు

103, 204, 188.

77నుంచి 108 దాకా. ముప్పై రెండు రోజులు.

నాన్నకి చెప్పాను. చాలాసేపు వల దారం పేనుతూ కూర్చున్నాడు. దొంగతనం చెయ్యలేదు కదా అన్నాడు. కానీ చదివితే షరతు షరతే, ఏడాది పోతుంది, పదిహేడు ఇళ్ళు అన్నాడు. బుట్టలు తీసేశాం, రేపట్నుంచి చప్పుడుండదు, పన్నెండు రోజుల్లో అందరూ మర్చిపోతారు అన్నాడు. ఆ తర్వాత మెల్లిగా అసలు మాట అన్నాడు.

"పుస్తకం నీ సేతిలోనే ఉన్నాది."

ఉంది. పేజీలు కుట్టి ఉన్నాయి, కానీ కుట్టు విప్పడం నాకు వచ్చు.


మూత 113వ రోజు

118, 207, 190.

అత్త నాతో మాట్లాడ్డం లేదు. ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. ఆడవాళ్ళు రోజూ సాయంత్రం ఆవిడ తెప్ప మీద చేరుతున్నారు. చెప్పొద్దనేవాళ్ళే ఎక్కువ. ఒకావిడకి కడుపుతో ఉన్న కూతురు, ఒకావిడకి కొత్తగా కట్టిన పడవ. ఏడాదంటే ఏమిటో వాళ్ళ మొహాల్లో చూస్తూ వచ్చాను. ఆ ఏడాది అన్న మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు నాకది ఒక అంకె. పక్క గదిలో కూర్చుని శిక్షలు కనిపెట్టడం చాలా తేలిక.

కొండమీది సర్వే ఓడలో ఉద్యోగానికి ఉత్తరం సగం రాసి పెట్టుకున్నాను. వెళ్ళిపోతే ఇది వేరేవాళ్ళు చదువుతారు. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడి దాన్ని కూడా ఇక్కడ రాస్తున్నాను.


మూత 118వ రోజు

136, 211, 195.

అత్త ఇవాళ నోరు తెరిచింది. పదహారు మందినీ కూర్చోబెట్టి, నన్ను కూడా పిలిచింది.

"కొర్లమ్మని సంతలో దొంగన్నాను. అది నాకేసి సూడకుండా పీతల కాళ్ళు కట్టుకుంటన్నాది. ముప్పయ్యేళ్ళు పక్కన కూకున్నాం. బజారు నేకపోతే వలలు అల్లుకుంటాను. దాని పక్కన తలొంచుకు కూకోడం నావల్ల కాదు."

 కడుపుతో ఉన్న కూతురున్నావిడ ఏడ్చింది. ఏడుస్తూనే సరే అంది. కొత్త పడవ ఆవిడ సరే అనలేదు, కాదనీ అనలేదు, లేచి పోయి తన పడవ అడుగు తోముతూ కూర్చుంది.

నేను పుస్తకం కుట్టు ఇంకోసారి గట్టిగా బిగించాను.


మూత 120వ రోజు

142, 214, 199.

మేడపేటలో ఎత్తయిన మేడ పైకప్పు మీద సభ. రెండూళ్ళ జనం. నేను మధ్యలో నిలబడి మొదలుపెట్టాను.

పీతలు పుస్తకం మీదుగా నడిచిన చోట నవ్వారు. తెప్పలన్నీ తిరిగిన వంజరం దగ్గర ఇంకా నవ్వారు. నాన్న తల వంచుకున్నాడు. 82వ రోజు చదివాను, తీగ చాలలేదు, తీగ మిగిలింది. పేజీ తిప్పబోతుంటే ముందు వరసలో కొర్లమ్మ చెయ్యెత్తింది. చిన్న మనిషి, ఎండిన నెత్తలి చేపలా ఉంటుంది.

"ఆగే అమ్మీ. ఒక తీగ సాల్నేదు, ఒకటి మిగిలింది. తెప్ప జరిగిందేటి?"

నా కాలేజీ చదువుకీ, ఇరవై నాలుగు రోజుల అనుమానానికీ అందనిది తెలుసుకోవడానికి ఆవిడకి ఒక్క గుక్కెడు నీళ్ళు తాగినంత సేపు పట్టింది. చివరిదాకా వినమ్మా అన్నాను. 

ఆ తర్వాత పేజీలన్నీ చదవాల్సి వచ్చింది. మేడపేటవాళ్ళే అన్నది. దొంగతనంగా అన్నది. ఇంత నీచంగా అన్నది. అన్నీ మేడపేటవాళ్ళ మొహాలు చూస్తూ, వాళ్ళ మేడ మీద నిలబడి. ఎవరూ అడ్డు రాలేదు. దానికన్నా ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. 108 చదివాను. 109 చదివాను. ఉద్యోగం ఉత్తరం సంగతి కూడా చదివాను. పుస్తకం మూశాను.

మేడపేట పిల్ల ఒకతె వెనకనుంచి, వాళ్ళ ఊరికి నిలకడ లేదని కొర్లమ్మ మామ్మ అప్పుడే చెప్పింది కదా అంది. ముందు మేడపేట నవ్వింది. ఆ తర్వాత మా ఆడవాళ్ళలో ఒకరు నవ్వారు. ఆ తర్వాత ఆపడం కష్టమైంది.

కొర్లమ్మ మాత్రం నవ్వలేదు. అత్త ఎదురుగా వచ్చి కూర్చుంది. ఎన్ని రోజులని అడిగింది, అత్త చెప్పింది. ఎన్ని బుట్టలని అడిగింది, అదీ చెప్పింది. మూడో ప్రశ్నకి అందరం ముందుకి వంగాం.

"బుట్ట కింద నేల మారింది. ఇసక పోయి సిమెంటు వచ్చింది. నీకు తెల్లేదేటి?"

"తుపాను మార్సేసిందనుకున్నాను." అంది అత్త. "బుట్ట బరువుగా వస్తన్నాది. మరి అడగనేదు."

"బరువుగా వస్తే నానూ అడగను" అంది కొర్లమ్మ.

తర్వాత లేచి అందరికీ వినబడేలా చెప్పింది. ఏడాది షరతు దొంగలకి పెట్టినదట. వీళ్ళు దొంగలు కారు. కానీ తిన్నది తిన్నారు. ముప్పై రెండు రోజులు తిన్నారు కాబట్టి ముప్పై రెండు రోజులు ఆగాలి. ఇకమీదట రెండూళ్ళకీ గీత మేడపేట గోడ మీద సున్నంతో కొట్టాలి, గోడకి కాళ్ళు లేవు కాబట్టి.

మా వాళ్ళు ఒప్పుకున్నారు. నలభై రోజుల్లో వానలు దిగుతాయి. ముప్పై రెండు పోతే ఎనిమిది మిగులుతాయి. కొత్త పడవ ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం చూశాను. ఏడాదికన్నా నయం. కానీ నయం తిని బతకలేం.


తెరిచాక 1వ రోజు

మేడపేట పడవలు తెల్లవారుతూ బజారులోకి దిగాయి. మేం తెప్ప అంచున వరసగా కూర్చుని చూశాం. వాళ్ళ మొదటి బుట్ట పైకి వచ్చినప్పుడు కేకలు ఇక్కడిదాకా వినిపించాయి. పళ్ళెమంత పీత. అత్త చూసి, అది నాకు తెలుసు, అది చీరల కొట్టు మెట్ల కింద ఉండే రకం అంది. పోయిన చుట్టం గురించి చెప్పినట్టు చెప్పింది.


తెరిచాక 3వ రోజు

మధ్యాహ్నం కొర్లమ్మ ఒక్కతీ తెడ్డు వేసుకుంటూ మా తెప్పకి వచ్చింది. ఇంట్లోకి రమ్మంటే రాలేదు, పడవలోనే కూర్చుంది. కాసేపు ఎండ గురించి మాట్లాడింది. అత్త కూడా ఎండ గురించే మాట్లాడింది. ఇద్దరికీ ఎండ అయిపోయాక అసలు సంగతి వచ్చింది.

వాళ్ళ బుట్టలు చాలడం లేదు. ఒక్క ఇటిక బరువుకి సన్నగా అల్లిన బుట్టలు. అగ్గిపెట్టంత పీతలకి సరిపోయేవి. ఇప్పుడు పడుతున్నవి వాటిని విరగ్గొట్టుకుని పోతున్నాయి. ఆక్టోపస్ అయితే గోడకి అతుక్కుని తాడే తెంపేస్తోంది. ఇరవై మందికి మంచి బుట్టలు తొమ్మిది మిగిలాయి. పీతలు ముదిరి, గుడ్లు పెట్టుకుని, వానలకి లోతుకి పోతాయి. దేవుడమ్మ దగ్గర ఇనప పళ్ళేల బుట్టలున్నాయి. మిగతావాళ్ళవీ గట్టివే. అద్దెకి ఇస్తారా?

అత్త బొడ్లోంచి చుట్ట తీసి వెలిగించుకుంది. తొందరపడలేదు.

"బుట్టలు అద్దెకియ్యం. బుట్ట ఎంట మనిసి వస్తాది."

కొర్లమ్మ నీళ్ళకేసి చూసింది. "ముప్పయ్ రెండు రోజులన్నాను."

"నీ బజారులోకి నానెక్కడ వస్తన్నాను? నా బుట్టకి కాపలా వస్తన్నాను."

ఈసారి కొర్లమ్మ నవ్వింది. పళ్ళు రెండే ఉన్నాయి, రెండూ కనబడేదాకా నవ్వింది. వాళ్ళ పడవలో మా మనిషి, మా బుట్ట. పడినదాంట్లో చెరి సగం. ముప్పై రెండు రోజులూ అయ్యేదాకా మా పడవలు మాత్రం దిగకూడదు. షరతు నిలబడాలి కదా అంది.


తెరిచాక 4వ రోజు

97, 171, 150. పడవలున్నప్పుడు చిటికె రొయ్యలు కాస్త తగ్గుతాయి, బెంగ లేదు.

పదిహేడు మందీ వెళ్ళారు. పడినదాని లెక్క రాయడానికి నన్ను కొర్లమ్మ పడవలో ఎక్కించుకున్నారు. అత్తా ఆవిడా ఒకే పలక మీద కూర్చుని, ఏ తాడు ముందు లాగాలని పోట్లాడుకుంటూ లాగారు. మొదటి బుట్టలో మూడు పీతలు. ఒకదాని పొట్ట కింద నారింజ రంగు గుడ్లు గుత్తిగా ఉన్నాయి. ఇద్దరి చేతులూ ఒకేసారి దాని మీద పడ్డాయి. ఎవరిదని పోట్లాడతారనుకున్నాను. ఎవరు వదలాలని పోట్లాడారు. కొర్లమ్మ గెలిచింది. వంగి, దాన్ని నీళ్ళ మీద పెట్టి, బిడ్డ వీపు తట్టినట్టు తట్టి వదిలింది.

నిరుడు ఇలాంటివి ఉప్పు వేసి ఉడకబెట్టుకున్నాం. నేనూ తిన్నాను. చాలా రుచిగా ఉంటాయి.

తిరిగి వచ్చేటప్పుడు వచ్చే ఏడాది మూత ఎప్పుడని మాటలు మొదలయ్యాయి. పీత గుడ్ల నెలా, ఆక్టోపస్ గుడ్ల నెలా అని ఇద్దరూ ముప్పై ఏడు మంది ఆడవాళ్ళని రెండు పక్షాలు చేసేశారు. మధ్యలో అత్త తాడు వదిలేసి, అసలు మన బజారే ఎందుకు మూస్తన్నాం, గట్టు మాటేటి అంది. గట్టు మీద వంజరం మోచెయ్యి పొడుగు కూడా రావడం లేదని అందరికీ తెలుసు. కొర్లమ్మ ఆలోచించి, మేడపేట మగాళ్ళ సంగతి తను చూసుకుంటానంది. తెప్పలపాలెం మగాళ్ళ సంగతి తనకి వదిలెయ్యమని అత్త అంది. గట్టు మూస్తేనే బజారు మూస్తాం, లేకపోతే లేదు. అక్కడికక్కడే పడవల్లోనే చేతులెత్తారు. ముప్పై ఏడు. నాది కలిపితే ముప్పై ఎనిమిది. నన్ను ఎత్తమని ఎవరూ అడగలేదు.


తెరిచాక 12వ రోజు

101, 176, 149.

అత్త నాన్నతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. రెండు సాయంత్రాలు తలుపేసుకుని మాట్లాడింది. ఒకసారి గిన్నె కింద పడిన చప్పుడు వచ్చింది.

ఇవాళ నేను తీగలకి గుల్లలు గీకుతుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక గీకుడు కత్తి తీసుకుని తనూ గీకడం మొదలుపెట్టాడు. తను ఈ పని చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. అంత లోతులో కూడా చెవి వింటుందా అని అడిగాడు. వింటుందన్నాను. అక్కడ స్తంభాలు లేవు కదా, దేనికి కడతావన్నాడు. రాయికి కడతానన్నాను. మగాళ్ళు ఆ నెలల్లో ఏం చెయ్యాలన్నాడు. వలలు అల్లొచ్చు, కాకుల్ని తోలొచ్చు అన్నాను.

ఒక తీగ పూర్తయింది. రెండోది తన వైపు లాక్కున్నాడు.

"గట్టుకి ఎన్ని సెవులు కావాల?"

"ఐదు."

"అన్ని తీగలు ఎక్కడ తెస్తాను. మూడుతో కానియ్యి."

"నాలుగు" అన్నాను.

నాన్న కొండవైపు చూశాడు, సముద్రంవైపు చూశాడు, గుల్ల ఒకటి గీకి నీళ్ళలోకి విసిరాడు. రేపు పొద్దున్న గట్టుకి పోయి రాళ్ళు చూసి వద్దాం, తొందరగా లే అన్నాడు.